తూటాలు నింపుకుంటే మిగిలేదెంత?



కిందటి సంచికలో మన మిత్రుడొకరు తూటాలు ఇంట్లోనే నింపుకోవడం గురించి రెండు పేజీలు రాశారు. హుషారుగా రాశారు. తుపాకి మొహం చూడనివారికి కూడా లేచి వెళ్ళి నాలుగు తూటాలు నింపి వద్దామనిపించేటట్టు రాశారు. ఆయన వాదన మూడు మాటల్లో చెప్పవచ్చు. కాల్చిన తూటా తొడుగు పారేయడం వృథా. దాన్ని మళ్ళీ నింపుకుంటే సగానికి సగం డబ్బు మిగులుతుంది. కనుక సంఘం నిధిలోంచి ఒక యంత్రం కొని, ఒక సభ్యుడి గరాజులో వుంచి, లైసెన్సులున్నవారంతా వాడుకోవాలి. ఈ మూడో మాటను వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెడతామని కూడా రాశారు.

మొదటి రెండు మాటలతో ఆగివుంటే అది ఆయన సొంత గొడవ, నేను కలం పట్టేవాణ్ణి కాను. మూడో మాట మనందరిదీ. డబ్బు మనందరిదీ. ఆ గరాజు కూడా మనం ఎరిగినదే. ఆదివారం పొద్దున చాపలు పరిచి మన పిల్లలు ఓనమాలు దిద్దుకునే గరాజు అది. అందుచేత మొహమాటం పక్కనబెట్టి చెబుతున్నాను: ఈ తీర్మానం ఓడిపోవాలి. ఎందుకు ఓడిపోవాలో లెక్క ప్రకారమూ, వైద్యం ప్రకారమూ చెబుతాను.

ముందుగా ఒక సంగతి. నేను తుపాకి విరోధిని కాను. నాకూ లైసెన్సు వుంది. గాలిలోకి విసిరిన పళ్ళేలను కొట్టే ఆటకు నేనూ వెళుతుంటాను. హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్సుకు వెళ్ళి ఆడినది ఈ జాతి ఆటే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట దాదాపు ముగిసిన కథ. ఇక్కడ అట్లా కాదు. మే నెల మొదటి శనివారం బాతుల వేట మొదలైందంటే పల్లెటూళ్ళలో అదొక పండుగ. ఆస్పత్రిలో తోటివాళ్ళు పిలుస్తారు, మనవాళ్ళు కొందరు వెళతారు. శాకాహారులైన పెద్దలు క్షమించాలి గాని, అందులో నాకు తప్పేమీ కనబడదు. నా తగాదా తుపాకితో కాదు, లెక్కతో.

తుపాకి ముట్టనివారి కోసం తూటా సంగతి కాస్త చెప్పాలి. మనవాళ్ళ దగ్గర వుండేది ఎక్కువగా 12 బోరు తుపాకి. దాని తూటాలో అయిదు వస్తువులుంటాయి. అడుగున లోహపు బిళ్ళ వున్న ప్లాస్టిక్ గొట్టం ఒకటి. ఆ అడుగులో, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న టోపీ వంటి ప్రైమరు. దానిపైన మందు. మందుపైన వాడ్ అనే ప్లాస్టిక్ గిన్నె. ఆ గిన్నెలో సీసపు గుళ్ళు. ఆటకు వాడే మామూలు తూటాలో 28 గ్రాముల సీసం వుంటుంది. ఒలింపిక్ ఆటలో 24 గ్రాములు.

తుపాకి పేలిన తరువాత మన చేతికి తిరిగి వచ్చేదేమిటి? ప్రైమరు కాలిపోయింది. మందు పొగయింది. వాడ్ గడ్డిలో పడింది. సీసం ఆకాశాన పోయింది. మిగిలింది ఖాళీ గొట్టం. అయిదింటిలో అన్నిటికన్నా చవక వస్తువుల్లో అదొకటి. తక్కిన నాలుగూ మళ్ళీ కొత్తవి కొనవలసిందే. దీనికి "మళ్ళీ నింపుకోవడం" అని పేరు పెట్టగానే ఏదో సగం ఖర్చు తప్పినట్టు అనిపిస్తుంది. పెళ్ళి భోజనం అయ్యాక విస్తరి కడిగి దాచుకుని, రేపటి భోజనం సగం ఖర్చుతో వస్తుందన్నట్టుంది.

మరి ఆ "సగానికి సగం" అన్న మాట ఎక్కడనుంచి పుట్టింది? రైఫిలు కాల్చేవారి దగ్గర పుట్టింది. రైఫిలు తూటాకు ఇత్తడి తొడుగు వుంటుంది. ఆ తూటాలో ఖరీదైన భాగం అదే, దాన్ని ఎన్నోసార్లు వాడుకోవచ్చు. కనుక అక్కడ ఆదా నిజం. ఆ నిజాన్ని తెచ్చి 12 బోరు తూటాకు అతికిస్తే అతకదు. ఇక్కడ ఖరీదంతా సీసంలో వుంది. ఆ సీసాన్ని తూటాల ఫ్యాక్టరీ టన్నుల లెక్కన కొంటుంది, మనం సంచి లెక్కన కొంటాం. మందూ ప్రైమర్లూ ఆస్ట్రేలియా నుంచో, అమెరికా, యూరపుల నుంచో ఓడెక్కి రావాలి. అవి ప్రమాదకర సరుకు కనుక వాటి రవాణాకు ప్రత్యేకమైన నిబంధనలు, ప్రత్యేకమైన ఖర్చు. ఇన్ని చేతులు మారిన సరుకును చిల్లరగా కొని, టోకుగా కొన్నవాడికన్నా చవకగా తయారు చేస్తామంటున్నాం. చేయవచ్చునేమో, కాని సగానికి సగం మాత్రం కాదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ధరలు ఏడాదికేడాది మారతాయి, కొట్టుకొట్టుకూ మారతాయి. కనుక ధరలు మీరే వేసుకోండి, తూకాలు నేను చెబుతాను. తూకాలు మారవు.

పెట్టెకు 25 తూటాలు. తూటాకు 28 గ్రాముల చొప్పున పెట్టెకు 700 గ్రాముల సీసం. అమెరికా పద్ధతిలో గుళ్ళ సంచి 25 పౌన్లుంటుంది, అంటే 11 కిలోల 340 గ్రాములు. అది నాలుగు వందల తూటాలకు, అనగా 16 పెట్టెలకు వస్తుంది. మందు తూటాకు సుమారు 18 గ్రెయిన్లు. పౌనుకు 7,000 గ్రెయిన్లు కనుక, ఒక పౌను మందు 388 తూటాలకు వస్తుంది. ప్రైమరు తూటాకొకటి, వాడ్ తూటాకొకటి. ఈ నాలుగింటి ఖరీదూ కూడండి. పెట్టెకు ఎంత పడిందో చూడండి. పక్కనే అదే కొట్టులో పది పెట్టెల అట్టపెట్టె ఎంతకు అమ్ముతున్నారో చూడండి. రెండింటి మధ్య తేడాయే మీ ఆదా. అందులోంచి యంత్రం ధర ఇంకా తీయలేదు, తక్కెడ ధర తీయలేదు, నేలమీద ఒలికిన గుళ్ళ ధర తీయలేదు.

వాదన కోసం ఉదారంగా వుందాం. పెట్టెకు రెండు డాలర్లు మిగిలాయనుకుందాం. నెలకు రెండుసార్లు వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా నాలుగు పెట్టెలు కాల్చే మనిషిని తీసుకుందాం. ఏడాదికి 96 పెట్టెలు, 2,400 తూటాలు. మిగిలింది 192 డాలర్లు. మిత్రుడు మెచ్చుకున్న మెక్ 600 జూనియరు వంటి యంత్రం ఒక్కసారికి ఒక్క తూటానే నింపుతుంది. ప్రైమరు ఊడదీయాలి, కొత్తది ఎక్కించాలి, మందు పోయాలి, వాడ్ దిగ్గొట్టాలి, గుళ్ళు పోయాలి, మూతి మడవాలి. ప్రతిదానికీ పిడి కిందికి లాగాలి. జాగ్రత్తగా చేసేవాడికి గంటకు నాలుగు పెట్టెలు అనుకుందాం. 96 పెట్టెలకు 24 గంటలు. 192 డాలర్లను 24 గంటలకు పంచితే గంటకు ఎనిమిది డాలర్లు.

ఈ దేశంలో 2025 ఏప్రిల్ 1న కనీస వేతనాన్ని గంటకు 23 డాలర్ల 50 సెంట్లు చేశారు. అంటే కనీస వేతనానికి సమానం కావాలంటేనే పెట్టెకు దాదాపు ఆరు డాలర్లు మిగలాలి. మన సంఘంలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, లెక్కల ఆడిటర్లున్నారు. వేరొకరు మనకు గంటకు ఎనిమిది డాలర్లు ఇస్తామంటే లేబరు కోర్టుకు వెళ్ళేవాళ్ళం. అదే జీతం మనకు మనమే ఇచ్చుకుంటే దానికి పొదుపని పేరు. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదన్న సామెత ఇందుకే పుట్టింది.

"ఆ గంటలు ఊరికే పోయే గంటలే కదా, టీవీ ముందు కూర్చునే బదులు" అంటారు. ఒప్పుకుంటాను. సరదా కోసం చేస్తే అది సరదా. సరదాకు లెక్కలు అక్కరలేదు. కాని సరదాను పొదుపని పిలిచి సంఘం నిధి అడగకూడదు. పైగా ఈ ఆటలో వున్నవారందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. తూటా చవక అనుకున్నవాడు తక్కువ ఖర్చు పెట్టడు, ఎక్కువ తూటాలు కాలుస్తాడు. నాలుగు పెట్టెలవాడు ఆరు పెట్టెలవాడవుతాడు. ఏడాది చివర చూసుకుంటే జేబులోంచి పోయింది అంతే వుంటుంది, ఒక్కోసారి ఎక్కువే వుంటుంది.

మిత్రుడు ఇంకొక మాట రాశారు. "ఆవకాయ కొట్లో దొరుకుతుంది, అయినా ఇంట్లో పెట్టుకోమా?" అన్నారు. చప్పట్లు కొట్టించే మాట. కాని ఆవకాయ ఇంట్లో పెట్టుకునేది డబ్బు మిగులుతుందని కాదు. ఈ దేశంలో పచ్చి మామిడికాయ ధరకు ఆవకాయ పెడితే కొట్లో సీసాయే చవక. పెట్టేది రుచి కోసం, ఇంట్లో ఆ వాసన కోసం. తూటాకు రుచి లేదు. ఇంట్లో నింపిన తూటాకూ కొట్లో కొన్న తూటాకూ పళ్ళెం ఒకే విధంగా పగులుతుంది. ఆవకాయ చెడిపోతే ఒక జాడీ పారబోస్తాం. తూటా చెడిపోతే వ్యవహారం వేరు. మందు పోయడం మరిచిన తూటా తుస్సుమని వాడ్‌ను గొట్టంలోనే వదులుతుంది. అది గమనించకుండా రెండో తూటా పేల్చితే గొట్టమే పగలవచ్చు. మందు రెండుసార్లు పడితే ఇక చెప్పనక్కరలేదు. ఎనిమిదిమంది ఒకే యంత్రం వాడితే ఒకరు సరిచేసుకున్న కొలతను మరొకరు మారుస్తారు. ఆ తూటా ఎవరు నింపినదో ఎట్లా తెలుస్తుంది? ఇంకొకరు నింపిన తూటా పేల్చకూడదన్నది ఈ పనిలో పండినవారు మొట్టమొదట చెప్పే నీతి. మన తీర్మానం ఆ నీతికే ఎదురు నడుస్తోంది.

న్యాయంగా అవతలి పక్షం కూడా చెప్పాలి. నింపుకోవడం గిట్టుబాటయ్యేవారున్నారు. 28 బోరు, 410 బోరు, 16 బోరు వంటి తుపాకులకు కొట్లో తూటాలు తక్కువగా దొరుకుతాయి, దొరికినా ఖరీదు. పాతకాలపు పొట్టి గది తుపాకులకు మామూలు తూటా పనికిరాదు. భుజానికి ఆపరేషను అయినవాడు మెత్తటి తూటా కోరవచ్చు. పోటీలకు వెళ్ళి ఏడాదికి పదివేలు కాల్చేవాడి లెక్క వేరు. వీళ్ళకు నింపుకోవడం పనికివస్తుంది, ఎందుకంటే వాళ్ళకు కావలసింది కొట్లో లేదు.

మనం వుంటున్న హాబ్సన్‌విల్ చరిత్రలోనే దీనికొక పాఠం వుంది. 1850లలో ఇక్కడికి వచ్చి స్థిరపడిన రైస్ ఓవెన్ క్లార్క్‌కు దొరికింది నీళ్ళు దిగని బంకమట్టి నేల. నీరు తీయడానికి గొట్టాలు కావాలి. కొందామంటే చేరువలో దొరకవు. అందుచేత తన పొలంలోని మట్టితోనే గొట్టాలు చేసి కాల్చుకున్నాడు. ఇరుగుపొరుగువారు మాకూ కావాలన్నారు. అట్లా మొదలైన కుండల పరిశ్రమ ఈ తీరాన దశాబ్దాలపాటు నడిచింది. సొంతంగా చేసుకోవడమంటే అది. కొట్లో లేనిది చేసుకున్నాడు, తన నేలలో వున్నదానితో చేసుకున్నాడు. మనం చేయబోయేది కొట్లో వున్నదాన్ని, నాలుగు దేశాల సరుకు తెచ్చి, కొట్టుకన్నా నెమ్మదిగా చేయడం.

బాతుల వేటకైతే ఈ లెక్క మరీ తేలిపోతుంది. నీటిపక్షులు గుళ్ళు తిని చచ్చిపోతున్నాయని న్యూజిలాండులో నీటి దగ్గర సీసపు గుళ్ళు నిషేధించారు. 12 బోరుకు 2000ల దశకంలోనే నిషేధం వచ్చింది. 2021 సీజను నుంచి, 410 తప్ప, చిన్న బోర్లకూ వచ్చింది. కనుక బాతుల తూటాకు ఉక్కు గుళ్ళో, బిస్మత్ గుళ్ళో కావాలి. ఉక్కు సీసంలాగా మెత్తన కాదు. దానికి గొట్టాన్ని గీయకుండా కాపాడే మందమైన వాడ్ కావాలి, దానికి తగిన మందు కావాలి, పుస్తకంలో రాసిన కొలతకు వెంట్రుకవాసి తేడా రాకూడదు. సీసానికి పెట్టుకున్న కొలతలో ఉక్కు పోస్తే ప్రమాదం. ఒక యంత్రం అన్నిటికీ పనికివస్తుందన్న మాట అక్కడితో సరి.

పక్షికే ప్రమాదమని ప్రభుత్వం చెరువు దగ్గర నిషేధించిన వస్తువును మనం పిల్లలు కూర్చునే చాపల పక్కకు తెస్తున్నాం. ఇది డబ్బు లెక్క కాదు, నా వృత్తికి సంబంధించిన లెక్క. ఇక్కడ నేను కొంచెం గొంతు పెంచితే క్షమించండి.

సీసం చర్మంలోంచి పెద్దగా దిగదు. నోటి ద్వారా వెళుతుంది, దుమ్ముగా ముక్కు ద్వారా వెళుతుంది. గుళ్ళు సంచిలో ఒకదానికొకటి రాసుకుని అడుగున బూడిదరంగు పొడి చేరుతుంది. గుళ్ళు పోసినప్పుడల్లా ఆ పొడి లేస్తుంది. పాత ప్రైమరు ఊడగొట్టినప్పుడు దానిలోని మసి రాలుతుంది. ప్రైమరులో నిప్పు పుట్టించే మందు చాలావరకు సీసపు లవణమే. ఆ మసి మేజామీద పడుతుంది, నేలమీద పడుతుంది, చొక్కా చేతులమీద పడుతుంది. పొడి చీపురుతో వూడ్చితే గాలిలోకి లేస్తుంది. చొక్కా మిగతా బట్టలతో కలిసి వాషింగ్ మెషీనులోకి వెళుతుంది. ఆ బట్టలు ఉతికేది ఎక్కువ ఇళ్ళలో తూటా నింపినవాడు కాదు.

పెద్దవాడు మింగిన సీసంలో పదోవంతు వరకు ఒంటికి పడుతుంది. చిన్నపిల్లల ఒంటికి దాదాపు సగం పట్టవచ్చు. కడుపులో ఇనుము తక్కువైన పిల్లలకు ఇంకా ఎక్కువ పడుతుంది. మన ఇళ్ళలో రక్తహీనత ఎంత మామూలో మీకు చెప్పాలా? రక్తంలో సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది. కాని అందులో చాలా భాగం ఎముకల్లోకి చేరుతుంది, అక్కడ దశాబ్దాలు వుంటుంది. ఆడపిల్ల పెద్దదై గర్భవతి అయినప్పుడు ఎముకలోని సున్నంతోపాటు ఆ సీసం కూడా కరిగి రక్తంలోకి వస్తుంది, మాయ దాటి కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఇవాళ గరాజులో పడిన దుమ్ము వసూలయ్యేది పాతికేళ్ళ తరువాత, మనం చూడబోయే మనవల దగ్గర.

సీసం పిల్లల బుర్రకు ఏం చేస్తుందో ప్రపంచానికి గట్టిగా చూపించిన పరిశోధనల్లో ఒకటి ఈ దేశానిదే. డనీడిన్ నగరంలో 1972, 1973 సంవత్సరాల్లో పుట్టిన 1,037 మంది పిల్లలను అప్పటినుంచి గమనిస్తూ వస్తున్నారు. 11వ ఏట వారిలో చాలామంది రక్తంలో సీసం కొలిచారు. 38వ ఏట తెలివితేటల పరీక్ష పెట్టారు. ఫలితం 2017లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చింది. చిన్నప్పుడు డెసిలీటరు రక్తానికి 5 మైక్రోగ్రాముల సీసం ఎక్కువ వున్నకొద్దీ, పెద్దయ్యాక తెలివి సూచిక సుమారు ఒకటిన్నర పాయింటు తక్కువ. ఆ పిల్లలు తూటాలు నింపలేదు, అప్పట్లో సీసం వచ్చింది ముఖ్యంగా పెట్రోలు పొగలోంచి. డబ్బున్న ఇల్లా, లేని ఇల్లా అన్న తేడా కూడా లేదు. 1996లో ఈ దేశం పెట్రోలులోంచి సీసం తీసేసింది. దేశం మొత్తం ఖర్చు పెట్టి పిల్లల గాలిలోంచి తీసేసిన దాన్ని మనం చందాలు వేసుకుని వెనక్కి తెచ్చుకోవాలా?

న్యూజిలాండులో 2021 ఏప్రిల్ వరకు లీటరు రక్తానికి 0.48 మైక్రోమోలు సీసం వుంటే ప్రజారోగ్య శాఖకు తెలియజేయాలన్నది నియమం. ఆ నెలలో దాన్ని సగం చేసి 0.24కి దించారు. అది డెసిలీటరుకు సుమారు 5 మైక్రోగ్రాములు. ఇంతవరకు ప్రమాదం లేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

"మా తాతగారు నాటు తుపాకిలో నల్లమందూ గుళ్ళూ కూరి ఎనభై ఏళ్ళు బతికారు" అనేవారుంటారు. తాతగారు అరుగుమీద, ఆరుబయట కూరారు. ఏడాదికి పదిసార్లు కూరారేమో. ఇక్కడ మనం మాట్లాడుతున్నది ఒక్క మనిషికే ఏడాదికి 67 కిలోల సీసం. ఎనిమిదిమంది అయితే అయిదు క్వింటాళ్ళు దాటుతుంది. హాబ్సన్‌విల్‌లో పాత వైమానిక స్థావరం నేలమీద లేచిన ఇళ్ళు ఎట్లా వుంటాయో మనకు తెలుసు. గోడకు గోడ, ఇంటికి అతుక్కునే గరాజు, గరాజులోంచి వంటింటివైపు తలుపు. చలికాలం ఆ తలుపు తప్ప అన్నీ మూసివుంటాయి. అరుగుకూ దీనికీ పోలిక లేదు. తాతగారి ఇంట్లోనే చారు కాచే సత్తు గిన్నె కొనేటప్పుడు అమ్మమ్మ అది తగరమేనా, సీసం కలిపాడా అని కంసాలిని నాలుగుసార్లు అడిగేది. సీసం సంగతి మనకు కొత్త కాదు. చదువుకున్నాక మరిచిపోయాం, అంతే.

"మాస్కు పెట్టుకుంటాం, చేతులు కడుక్కుంటాం" అంటారు. తప్పక చేయండి, అది నింపేవాడిని కొంత కాపాడుతుంది. మర్నాడు చాపమీద కూర్చుని, వేలు నోట్లో పెట్టుకుని పుస్తకం పేజీ తిప్పే పిల్లవాడికి మాస్కు ఎవరు పెడతారు?

ఇంకొకటి. 1983 నాటి ఆయుధాల చట్టం కింద, లైసెన్సు లేనివారి చేతికి తూటాలు అందకుండా చూసే బాధ్యత లైసెన్సు వున్నవాడిది. 2019లో క్రైస్ట్‌చర్చ్ ఘోరం జరిగాక ఈ దేశం ఆ చట్టాన్ని బిగించింది. 2023 జూన్ నుంచి తుపాకుల రిజిస్టరు మొదలైంది. ఇట్లాంటి దేశంలో, పిల్లల తరగతి జరిగే చోట ఎనిమిదిమంది మందూ ప్రైమర్లూ తూటాలూ కలగలిపి పెట్టి, రేపు ఏదైనా జరిగితే "అది ఫలానా ఆయనది" అని చెప్పుకుంటామా? పేరు పడేది సంఘానికి. సంఘం పేరులో తెలుగు వుంది.

సొంత షెడ్డు వుండి, అది ఇంటికి దూరంగా వుండి, పిల్లలు రానిచోటైతే, నింపుకోవాలన్న సరదా వున్నవారిని నేను ఆపను. కొన్ని నియమాలు మాత్రం పాటించమంటాను. ఆ పనికి వేరే చొక్కా వుండాలి, దాన్ని విడిగా ఉతకాలి. తడిగుడ్డతో తుడవాలి, వూడ్చకూడదు. అక్కడ కాఫీ తాగకూడదు, పకోడీ తినకూడదు. పని అయ్యాక సబ్బుతో చేతులూ మొహమూ కడుక్కున్నాకే పిల్లవాణ్ణి ఎత్తుకోవాలి. ఏడాదికోసారి రక్తం పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో గర్భవతి వున్నా, పసిపిల్లలున్నా ఆ రెండు మూడేళ్ళు యంత్రానికి గుడ్డ కప్పి వుంచండి. తూటాలు కొట్లో దొరుకుతూనే వుంటాయి.

పొదుపే కావాలంటే దానికీ దారి వుంది. లైసెన్సులున్న ఎనిమిదిమందీ ఒకే రోజున ఒకే కొట్టుకు వెళ్ళండి. ఎవరి పేరున వారు, ఎవరి లైసెన్సు మీద వారు, పదేసి పెట్టెల అట్టపెట్టెలు కొనండి. ఎనిమిదిమంది ఒకేసారి బేరానికి వస్తే ఏ కొట్టువాడైనా ఆలోచిస్తాడు. యంత్రం అక్కరలేదు, గరాజు అక్కరలేదు, సంఘం నిధి అక్కరలేదు. 24 గంటలు మిగులుతాయి.

ఆ 24 గంటలు ఏం చేయాలో కూడా చెబుతాను. ఆదివారం తరగతికి పాఠాలు చెప్పేవారు ఇద్దరే వున్నారు, ఇద్దరూ తల్లులే. తూటాల తీర్మానం మీద సంతకాలు పెట్టిన తండ్రులు ఒక్కొక్కరు ఆ 24 గంటలు అక్కడ కూర్చుంటే ఏడాది తిరిగేసరికి పిల్లలకు గుణింతాలు వస్తాయి.

సమావేశానికి అందరూ రండి. ముఖ్యంగా తుపాకితో మాకేం పని అనుకుంటున్న అక్కయ్యలూ, వదినలూ, చెల్లెళ్ళూ తప్పక రండి. ఇది తుపాకి సంగతి అనుకుని మీరు ఇంట్లో కూర్చుంటే తీర్మానం గెలుస్తుంది. తీర్మానం చదివినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మిగిలే డబ్బు ఎవరి జేబులోకి, రాలే దుమ్ము ఎవరి పిల్లల మీదికి? జవాబు విన్నాక చెయ్యెత్తండి.